నీళ్లు ఎందాకా వచ్చాయి?

మొన్న తెనాలిలో రేపల్లె బండి ఎక్కి కిటికీ పక్కన సర్దుకుంటుంటే, ఎదురు సీట్లో ఒక అమ్మాయి కొత్త బ్యాగు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. కాసేపటికి ధైర్యం చేసి, "వెంకటరత్నం సారే కదండీ?" అంది. నేను రిటైరైన పిల్లల హక్కుల సంస్థలోనే కొత్తగా చేరిందట. పేరు హారిక. మర్నాడు మొదటిసారి లంక పల్లెలకు వెళ్తోంది.

"సార్, ఏమేం తీసుకెళ్లమంటారండి?"

"ఒక జత పొడి బట్టలు, ఒక తువ్వాలు."

ఆ అమ్మాయి పెన్ను తీసి, ఇంకా ఏదో చెబుతానని ఎదురుచూసింది. చట్టం పుస్తకమో, సర్వే ఫారాలో, ఏదో ఒకటి. "అంతేనా అండి?" అంది. అంతేనమ్మా అన్నాను. ఈ పెద్దాయనకు చాదస్తం ముదిరిందని మనసులో అనుకున్నట్టు మొహంలోనే తెలిసిపోయింది. భట్టిప్రోలులో మా చెల్లెలి ఇంటికి వెళ్లాల్సి ఉండటంతో నేను దిగిపోయాను. ఆ "అంతేనా" మాత్రం నాతోపాటే దిగింది. దానికి జవాబు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్నాను. ఎప్పుడు చేరాను, ఏ ఏడు ఏ హోదా ఇచ్చారు అన్నవి మా ఇంట్లో వాళ్లకే గుర్తులేవు, మీకెందుకు? పని అంటే నిజంగా ఏంటో చెబుతాను. అందులో ఎక్కువ భాగం నేను చేసిన ఒక తప్పు గురించి. మిగతాది ఆ తప్పును నా చేతనే దిద్దించిన ఒక మనిషి గురించి.

పదకొండు గంటల మనుషులం

మారుమూల పల్లెలకు వెళ్లే మనబోటి వాళ్లకు నేను పెట్టిన పేరు ఇది. పొద్దున టిఫిన్ చేసి, కారు వచ్చి, పడవ కుదిరి, ఊరు చేరేసరికి పదకొండవుతుంది. పిల్లల రోజులో అసలు సంగతులన్నీ అప్పటికే అయిపోయి ఉంటాయి. లేవడం, చెల్లెల్ని ఎత్తుకోవడం, చద్దన్నం దొరకడం, దొరక్కపోవడం, బడికి బయల్దేరడం, బయల్దేరలేకపోవడం. మనం అడుగుపెట్టేసరికి పిల్లలు తలలు దువ్వుకుని వరసలో కూర్చుని ఉంటారు. "పెద్దయ్యాక ఏమవుతావమ్మా?" అంటాం. కలెక్టరు అంటారు. చప్పట్లు కొట్టి బిస్కెట్లు పంచుతాం. మూడింటికల్లా పడవ వెనక్కి తిరుగుతుంది.

చాలా ఏళ్లు నేను ఇలాగే చేశాను. పైగా బాగా చేస్తున్నానని అనుకున్నాను కూడా. నా రిపోర్టులు చక్కగా ఉంటాయని పేరు. మా నాన్న రైతే అయినా చేతిరాత విషయంలో చండశాసనుడు. ఆ చేతిరాత చూసే సగంమంది నా మాట నమ్మేవాళ్లు.

మొదట్లో నాకున్న పైఅధికారి చెడ్డవాడు కాదు. పిల్లలంటే ప్రాణం పెట్టేవాడు. కాకపోతే ఆయనకు కెమెరా పిచ్చి. నిజాంపట్నం వైపు ఒక పల్లెలో పిల్లల్ని నిలబెట్టి, "నవ్వొద్దమ్మా, నవ్వితే సమస్య కనపడదు" అన్నాడు. ఆ మాటకు వాళ్లు పగలబడి నవ్వారు. వద్దన్నకొద్దీ నవ్వారు. ఆయన విసుక్కుని కెమెరా మూసేశాడు. అప్పుడు నేనూ ఆయన పక్షానే నిలబడి పిల్లల్ని గదమాయించాను. ఈ రోజు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఉత్తరాన కొండ మీద

ఆయన బదిలీ అయ్యాక కరుణకుమారి మేడమ్ వచ్చారు. రేపల్లె దగ్గర ఒక లంకలో మాస్టారి కూతురు. లూథరన్ కుటుంబం. పొట్టి మనిషి, గట్టి చెప్పులు, భుజాన ఒక గుడ్డసంచి. మాకు రాకముందు ఉత్తరాంధ్ర కొండల్లో పిల్లల కోసం చాలా ఏళ్లు పనిచేశారు. వచ్చిన కొత్తల్లోనే మమ్మల్ని నలుగుర్ని అక్కడికి తీసుకెళ్లారు. పట్నాల నుంచి ఇంకో పదిమంది హక్కుల కార్యకర్తలు, ఇద్దరు లాయర్లు కలిశారు.

కొండ కింద ఊళ్లో దిగాక సాయంత్రం మేడమ్ కనపడలేదు. పైన ఉన్న పల్లెకు ముందే నడిచి వెళ్లిపోయారన్నారు. మర్నాడు మేం జీపుల్లో కొండ నడుమనున్న బడికి చేరాం. టైము చెప్పక్కర్లేదు, పదకొండే. పిల్లలు పూలదండలు వేశారు. ఒక లాయరుగారు మంచి గొంతుతో పిల్లలకు ఉండే హక్కులన్నీ చెప్పి, "ఇందులో మీకు ఏది లేదు?" అని అడిగారు. పిల్లలు నేల చూపులు చూశారు. ఆయన మళ్లీ అడిగారు. అప్పుడు పిల్లల వరసలో, చివర, వాళ్లతోపాటే చాప మీద కూర్చున్న మేడమ్ లేచారు.

"సార్, వీళ్లు కొండ దిగి వాగు దాటి వచ్చారు. నేనూ వీళ్లతోనే నడిచాను. పొద్దున ఏమీ తినలేదు. మీరు వస్తున్నారని మధ్యాహ్నం భోజనం ఆపారు. ముందు అన్నం పెట్టించండి, తర్వాత అడుగుదాం."

లాయరుగారు మంచివాడు, వెంటనే మైకు కింద పెట్టేశారు. ఆయనే గరిటె పట్టుకుని వడ్డించారు. తిన్న తర్వాత పిల్లలు మాట్లాడారు చూడండి, ఇక ఆపడం మా వల్ల కాలేదు. వాగు గురించి, వాగు దగ్గర ఉండే కుక్క గురించి, వానాకాలం మూడు నెలలు బడికి ఎవరూ రాని సంగతి. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ వాగు మీద కాలిబాట వంతెన పడింది. మేడమ్ ఆ ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో నాకు తెలుసు. కానీ వంతెన ప్రారంభానికి ఆవిడ వెళ్లలేదు. "వాగు మనం దాటం కదండీ, దాటేవాళ్లు వెళ్తారు" అన్నారు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో నేను మెచ్చుకుంటే, "మెచ్చుకోవడం కాదు రత్నంగారూ, ఈసారి మీరు కూడా ఇంటి దగ్గర్నుంచి బడిదాకా నడవండి" అన్నారు. తప్పకుండా అన్నాను. తెనాలి వచ్చి స్నానం చేసేసరికి ఆ మాట మర్చిపోయాను.

మొగదిబ్బ

బాపట్ల కొత్త జిల్లా అయ్యాక మా ఆఫీసు అక్కడికి మారింది. రేపల్లె అవతల, కృష్ణ సముద్రంలో కలిసే చోట, మొగదిబ్బ అని ఒక పల్లె ఉంది. మీరు మ్యాపులో వెతక్కండి, ఆ ఊరి అసలు పేరు నేను రాయడం లేదు. పాతిక ఇళ్లుంటాయి. అందరూ చేపలు, పీతలు పట్టేవాళ్లే. ఒక చిన్న ప్రార్థన మందిరం, ఒక చేతిపంపు. బడి మాత్రం ఉప్పుటేరుకు అవతల ఉన్న పెద్ద ఊళ్లో ఉంది.

ఆ బడి రిజిస్టరు చూస్తే మొగదిబ్బ పిల్లలకు ప్రతి నెలా బోలెడు గైర్హాజరులు. వాళ్లలో సువార్త అని తొమ్మిదేళ్ల పిల్ల. తల్లి చనిపోయింది. తండ్రి ఒడిశా వైపు బోట్ల మీద పనికి వెళ్లి ఏడాదికోసారి వస్తాడు. నాయనమ్మ ఎస్తేరమ్మ పెంచుతోంది. పిల్లను చదివించకుండా పనిలో పెట్టారా అని కనుక్కోమని జిల్లా బాలల సంక్షేమ కమిటీ నుంచి మాకు కాగితం వచ్చింది. నేను వెళ్లాను. మర పడవ కుదుర్చుకుని నేరుగా దిబ్బ మీద దిగాను. పదకొండు దాటింది.

సువార్త బక్కపల్చని పిల్ల, పెద్ద కళ్లు. బడికి వెళ్లే రోజు ఇంట్లోనే ఉంది.

"బడికెందుకు వెళ్లలేదమ్మా?"

"నీళ్లొచ్చినయ్యండి."

"నిన్న?"

"నిన్న కూడా వచ్చినయ్యండి."

"నీళ్లొస్తే నువ్వే చూసుకోవాలా? ఇంకెవరూ లేరా?"

"మా నాయనమ్మ చూస్తదండి. నేను ఆమె ఎంటే ఉంటా."

ఎస్తేరమ్మ అప్పుడే గుడిసె వెనక నుంచి వచ్చింది. చీర నడుం దాకా తడిసి ఒంటికి అంటుకుని ఉంది. నన్ను చూసి కంగారు పడి, కొంగు పిండుకుంటూ, "కూకోండి బాబుగారూ" అంది. పిల్లను బడికి పంపవేంటమ్మా అంటే, "పంపుతానండి. నీళ్లు లేనినాడు పంపుతానండి" అంది.

నాకు అంతా తేటతెల్లమైపోయింది. నేను తెనాలిలో పుట్టి పెరిగినవాణ్ణి. మా వీధిలో "నీళ్లొచ్చాయి" అని ఒక్క కేక వినపడితే, ఆడవాళ్లు పొయ్యి మీద పాలు కూడా వదిలేసి బిందెలతో పరుగెత్తేవాళ్లు. నీళ్లొచ్చాయంటే నాకు కుళాయి. ఆ చెవులతోనే విన్నాను, ఆ చేత్తోనే రాశాను. నా రిపోర్టులో వాక్యాలు ఇవి, ఇప్పటికీ కంఠతా వచ్చు: "బాలిక తాగునీరు పట్టే పని నిమిత్తం బడి మానుచున్నది. నాయనమ్మ ఉదయమే చేపల పనికి వెళ్లి తడి బట్టలతో తిరిగి వచ్చినది. బాలికను పనిలో సహాయానికి వెంట ఉంచుకొనుచున్నట్లు బాలిక మాటల వలన తెలియుచున్నది. బాలికను వసతి గృహమునకు తరలించుట శ్రేయస్కరము."

ఎంత చక్కటి రాత! ఒక్క కొట్టివేత లేదు.

కమిటీ వచ్చే గురువారం బాపట్లలో విచారణ పెట్టింది. నాయనమ్మను పిల్లతో సహా రమ్మని కబురు వెళ్లింది. రిపోర్టు నిలబడితే ఆ రోజే పిల్లను దూరంగా ఉన్న వసతి గృహానికి పంపేస్తారు. నేను ఒక పిల్లను కాపాడానని సంతోషంగా టీ తాగాను.

ఎక్కడికి?

సోమవారం మేడమ్ ఆ రిపోర్టు చదివారు. నన్ను పిలిచి కూర్చోమన్నారు.

"నీళ్లొచ్చాయి అందా పిల్ల?"

"అవునండి."

"ఎక్కడికి వచ్చాయి అని అడిగారా?"

"ఎక్కడికేంటండి మేడమ్? కుళాయికి."

"ఆ దిబ్బ మీద కుళాయి చూశారా?"

గుర్తు చేసుకున్నాను. చేతిపంపు కనపడింది. కుళాయి ఎక్కడా కనపడలేదు. "ట్యాంకరు వస్తుందేమోనండి" అన్నాను. అంటుంటేనే నా గొంతు నాకే వింతగా వినిపించింది.

"చుట్టూ ఏరున్న దిబ్బకి ట్యాంకరు ఎలా వస్తుంది రత్నంగారూ?"

తిట్టి ఉంటే బావుండేది. ఆవిడ తిట్టలేదు, ఎగతాళి కూడా చేయలేదు. రిపోర్టు మడిచి గుడ్డసంచిలో పెట్టుకుని, "మా లంకలో నీళ్లొచ్చాయంటే మంచాలెత్తి అటక మీద పెట్టేవాళ్లం. వరద అన్నమాట. మీ నాన్నగారు రైతు కదా, ఆయన అంటే?" అని అడిగారు.

మా నాన్న నీళ్లొచ్చాయన్నాడంటే కాలవకు నీళ్లు వదిలారని. నారుమడికి మనుషుల్ని పిలవాలని. ఆ మాటతో మా ఇంట్లో ఎంత హడావుడి మొదలయ్యేదో నాకు తెలుసు. ఒకే మాట మా ఇంట్లోనే మా నాన్నకొకటి, మా అమ్మకొకటి. ఇన్నేళ్లుగా రెండూ వింటూ పెరిగినవాణ్ణి, సముద్రం ఒడ్డున ఉన్న పిల్ల నోట అది మూడోది అయి ఉంటుందని నాకు తట్టలేదు.

"రేపు సాయంత్రం వెళ్దాం. పొడి బట్టలు తెచ్చుకోండి" అన్నారు మేడమ్.

మంగళవారం ప్రార్థన మందిరం వసారాలో చాపలు వేసుకుని పడుకున్నాం. పున్నమి దగ్గరలో ఉంది. పొద్దున ఏడుంబావుకు పిల్లలు సంచులతో ఉప్పుటేరు ఒడ్డుకు చేరారు. సువార్త కూడా వాళ్లలో ఉంది, శుభ్రంగా రెండు జడలు వేసుకుని. మేం వెనకే వెళ్లాం. సముద్రం పోటు మీద ఉంది. ఏట్లోకి ఉప్పునీరు ఎగదోసుకుని వస్తోంది. ఊళ్లో పడవలన్నీ అప్పటికే వేటకు వెళ్లిపోయాయి. ఇంకో వారం తర్వాత అదే టైముకు అక్కడ పిల్లలు మోకాళ్ల లోతులో నడిచి దాటతారట. అమావాస్యకి, పున్నమికి మాత్రం బడి టైముకే పోటు వస్తుంది.

ఎస్తేరమ్మ చీర ఎగదోపి ఏట్లోకి దిగింది. అరవై దాటిన మనిషి. మెల్లగా అడుగు తడుముకుంటూ నడిమికి వెళ్లింది. నీళ్లు ఆమె మోకాళ్లు దాటాయి, తొడలు దాటాయి. నడుం దగ్గరికి వచ్చేసరికి ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యెత్తి అడ్డంగా ఊపింది. ఒడ్డున పిల్లలందరూ ఒక్కసారి ఉసూరుమన్నారు.

మేడమ్ సువార్త పక్కన గొంతుక్కూర్చున్నారు. "నీళ్లు ఎందాకా వచ్చాయమ్మా?"

"మా నాయనమ్మకి నడుందాకా అండి. నాకైతే ఇందాకా." ఆ పిల్ల అరచెయ్యి అడ్డంగా పెట్టి గొంతు దగ్గర ఆపింది. తర్వాత చెయ్యి కిందికి దించి గుండెల మీద పెట్టుకుంది. "ఇందాకా అయితే ఎల్తానండి, సంచి నెత్తిన పెట్టుకుని. గొంతుకొస్తే ఎల్లనియ్యదు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ పిల్ల చెయ్యి గొంతు మీద ఆగిన చోటే చూస్తున్నాను. పిల్లను పనికి పెడుతోందని నేను రాసిన ఆ ముసలమ్మ, బడి ఉన్న ప్రతి రోజూ, పొద్దున ఒకసారి, పోటు తీసిందేమోనని మళ్లీ ఒకసారి తన ఒంటితో ఏరు కొలుస్తోంది. ఆ తడిచీర నేను చూశాను. చూసి, దానికి నా ఇష్టం వచ్చిన అర్థం రాశాను.

తర్వాత మేడమ్ నన్ను చూసి, "మనం దాటదామా?" అన్నారు. దాటాం. నాకు నడుం మీదికి వచ్చాయి, ఆవిడకు చంకల్లోకి. నడుమ ఒక చోట కాలి కింద బురద జారి నేను ఎస్తేరమ్మ భుజం పట్టుకున్నాను. "గట్టిగా పట్టుకో నాయనా, సిగ్గేంటి" అంది.

తడిబట్టలతోనే బడికి వెళ్లాం. మాస్టారు యువకుడు, రేపల్లె నుంచి రోజూ బండి మీద వస్తాడు. పిల్లలు ఎందుకు రాలేదో మీకు తెలుసా అని మేడమ్ అడిగితే, "తెలుసండి. నీళ్లొచ్చాయని చెప్తారు. కానీ రిజిస్టర్లో వచ్చారనో రాలేదనో రాయాలి గానీ నీళ్లొచ్చాయని రాసే గడి లేదు కదండీ" అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. ఆయనకు తెలుసు, ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగాల్సిన ఉద్యోగం నాది. మేడమ్ అక్కడికక్కడే పెన్సిలు తీసి ఆయన చేతికిచ్చి, ఇకనుంచి అలాంటి రోజు గైర్హాజరు పక్కన చిన్నగా "నీ" అని రాయమన్నారు. ఆయన సంతోషంగా రాశాడు. పాత నెలలవి కూడా గుర్తు చేసుకుని, పిల్లల్ని అడిగి మరీ పెన్సిలుతో నింపాడు. మా మేడమ్ సంచిలో ఎప్పుడూ ఒక పంచాంగం ఉండేది. అది పక్కన పెట్టుకుని చూస్తే, "నీ"లన్నీ అమావాస్య పక్కనా, పున్నమి పక్కనా గుంపులుగా కూర్చున్నాయి.

గురువారం

కొత్త రిపోర్టు రాసి పాతది తీసేద్దామండీ అని అడిగాను. చెయ్యకూడని పనేమీ కాదు, చాలామంది చేస్తారు. మేడమ్ ఒప్పుకోలేదు. "పాతది అలాగే ఉండనివ్వండి. దాని కిందే రాయండి. ఎలా పొరబడ్డారో కూడా రాయండి. రేపు ఇంకొకరు చదివితే వాళ్లకి పనికొస్తుంది."

ఈ వృత్తిలో నేను రాసిన అన్నిట్లోకీ కష్టమైన పేజీ అదే. నాలుగు సార్లు కొట్టేశాను. చేతిరాత కూడా పాడైంది.

బాపట్లలో విచారణ గదిలో ఎస్తేరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. కుర్చీలో కూర్చోమంటే వినలేదు. సువార్త చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆ పిల్ల వేళ్లు తెల్లబడ్డాయి. పిల్లకు రెండు జతల బట్టలు ఒక సంచిలో సర్ది తెచ్చింది. తీసుకుపోతారనే అనుకుని వచ్చిందన్నమాట. ఆ సంచి చూసి నేను తలెత్తలేకపోయాను.

కమిటీ పెద్దావిడ, "మీ రిపోర్టు చదవండి" అంది. చదివాను. "శ్రేయస్కరము" దాకా చదివి, నీళ్లు తాగి, కింద రాసింది చదివాను. "నీళ్లొచ్చాయి అని బాలిక చెప్పగా నేను కుళాయి అనుకున్నాను. ఆమె చెప్పినది సముద్రపు పోటు. నాయనమ్మ బాలికను బడికి పంపకపోవడం నిర్లక్ష్యం కాదు, జాగ్రత్త. పొరపాటు పూర్తిగా నాది."

కమిటీలో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. పెద్దావిడ ఎస్తేరమ్మ వైపు తిరిగి, "నువ్వేమైనా చెప్పాలా అమ్మా?" అంది.

ఎస్తేరమ్మ నన్ను చూసింది. ఏం తిడుతుందో తిట్టనీ అనుకున్నాను, అర్హుణ్ణే.

"ఆయనది తెనాలండి. ఆళ్లకి నీళ్లంటే కుళాయే గదండీ. మా దిబ్బ ఎరగడు పాపం. మళ్లా ఏట్లో దిగి వచ్చి చూశాడు. ఆయన్నేమీ అనమాకండి."

పిల్లను పోగొట్టుకోబోయిన మనిషి, పోగొట్టబోయిన మనిషిని వెనకేసుకొచ్చింది. చాలామంది గొప్పవాళ్లను చూశాను, వేదికల మీద విన్నాను. ఆ మాట అంత ఎత్తున ఇంకొకటి వినలేదు. కమిటీ పెద్దావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పిల్ల నాయనమ్మ దగ్గరే ఉంటుందని రాయించింది. పోటున్న రోజుల్లో పిల్లలు దాటడానికి ఏదైనా ఏర్పాటు చూడమని కూడా రాయించింది. బయటికొచ్చాక ఎస్తేరమ్మ ఆ బట్టల సంచి విప్పి, అందులోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం తీసి మాకు పెట్టింది. పిల్ల దారిలో ఆకలంటే తింటుందని సర్దిందట.

ఏర్పాటు చేసింది ఊరివాళ్లే. ఒక నాటుపడవ ఒడ్డున ఉంచారు, వంతులు వేసుకుని పోటు రోజుల్లో పిల్లల్ని దాటిస్తారు. కానీ పడవ అవసరమా, నడిచి దాటొచ్చా అన్నది ఎవరో ఒకరు దిగి చూడాల్సిందే. వంతెన కోసం పెట్టిన అర్జీలు ఇప్పటికీ అర్జీలుగానే ఉన్నాయి. మేడమ్ రిటైరై మూడేళ్లవుతున్నా ఆ అర్జీ వెనక తిరుగుతూనే ఉన్నారు. అందులో నా సంతకమూ ఉంది.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పిల్లలు అబద్ధం చెప్పడం చాలా అరుదు. వాళ్ల నిజం మన మాటల్లోకి దిగేటప్పుడే ఏదో ఒకటి అవుతుంది. మనకు బాగా తెలిసిన మాట వినపడినప్పుడే ఇంకో ప్రశ్న అడగాలి. ఎక్కడికి? ఎందాకా? ఆ ప్రశ్నకు జవాబు కుర్చీలో కూర్చుంటే రాదు. అందుకే పొడి బట్టలు.

వీడ్కోలు రోజు

నా పదవీ విరమణ సభ బాపట్లలో, మా ఆఫీసు పై అంతస్తులో జరిగింది. మొగదిబ్బకు కూడా కబురు చెప్పాను. సభ సగం అయ్యాక, ఉపన్యాసాల మధ్యలో, తలుపు దగ్గర ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. రెండు జడలు, చేతిలో తడిబట్టల మూట. సువార్త. నాయనమ్మ అంత ఎత్తయింది.

శాలువాలన్నీ అయ్యాక దగ్గరికి పిలిచాను. "ఇంత ఆలస్యమేంటమ్మా? నాయనమ్మ రాలేదా?"

"నాయనమ్మకి మోకాళ్ల నొప్పులండి, ఏట్లో దిగలేదు. పొద్దున నీళ్లొచ్చినయ్యండి."

నా పక్కన కరుణకుమారి మేడమ్ ఉన్నారు. నా వైపు చూశారు. అడగమని.

"ఎందాకా వచ్చాయమ్మా?"

సువార్త అరచెయ్యి అడ్డంగా పెట్టి నడుం దగ్గర ఆపింది. ఒకప్పుడు అవే నీళ్లు ఆ పిల్లకు గొంతుదాకా వచ్చేవి.

"ఇప్పుడు నేనే దిగి చూస్తన్నానండి. చిన్నపిల్లలు అయిదుగురున్నారు. నడుందాకా వస్తే పడవ పిలుస్తాం. అందర్నీ ఎక్కించి, అవతల దిగిందాకా చూసి, అప్పుడు బట్టలు మార్చుకుని బయల్దేరాను."

"మరి నీ బడి?"

"వాళ్లంతా ఎళ్లారండి. నాకే ఇయ్యాల గైర్హాజరు." కొంచెం నవ్వి, "'నీ' అని కూడా రాయరండి, నేను దాటగలను గదా" అంది.

మేడమ్ గుడ్డసంచిలోంచి పెన్సిలు తీసి నా చేతిలో పెట్టారు. మాస్టారికి ఒక చీటీ రాసిచ్చాను, సువార్త ఈ రోజు రాకపోవడానికి కారణం నేనని.